ముల్లు నొక్కేసిన గాలం

పూర్ణా మార్కెట్లో గఫూర్ కోళ్ళ దుకాణం ముందు నిలబడి
మెడ ఈకలు కావాలన్నాను.
దిష్టికా అన్నాడు.
కాదు, ఈగలు కట్టడానికి అన్నాను.
తక్కెడ వదిలేసి నన్నోసారి చూసి
ఒక డేగ, ఒక కాకి, ఒక మైల రంగు
మూడు మెడలు పాత పేపర్లో చుట్టిచ్చాడు.
డబ్బులు తీసుకోలేదు. జాలిపడ్డాడనుకుంటాను.

ఏ బరిలోనూ దిగని పుంజుల ఈకల్ని
రాత్రి పదింటికి పట్టుదారంతో
వడ్లగింజంత గాలానికి చుడుతున్నాను.
ఫ్యాను వేస్తే ఈగ ఎగిరిపోతుంది,
ఆపితే చెమట చుక్క దారం మీద పడుతుంది.
అక్కడ నీళ్ళు ఎముకల్ని కొరుకుతాయట,
ఉన్ని మేజోళ్ళు నాలుగు జతలు తెచ్చుకోమన్నారు.
డాబాగార్డెన్స్‌ అంతా తిరిగాను ఉన్ని మేజోళ్ళకి.
పిల్లలవి దొరికాయి.

ముప్పై ఒక్క ఏళ్ళు రేవులో నీటిమట్టం రాశాను.
పోటు ఇంత, పాటు ఇంత.
వచ్చిన నీరు పోవడం, పోయిన నీరు రావడం,
రిజిస్టరు నిండితే ఇంకో రిజిస్టరు.
పింఛను కాగితాల మీద సంతకాలు పెడుతుంటే అనిపించింది,
వెనక్కి రాని నీళ్ళలో
మోకాళ్ళదాకా దిగి నిలబడాలని.
గోదావరి లేదా అన్నాడు మా తమ్ముడు.
ఉంది.

పెద్ద జాలరిపేట ఇసుకలో తెల్లారకముందే
కర్ర విసరడం నేర్చుకుంటున్నాను.
గాలం లేదు, దారం కొసకి పసుపు ఉన్ని ముక్క.
వెనక్కి. ఆగు. ముందుకి.
ఆ ఆగడమే రావడం లేదు నాకు.
గాలి దారాన్ని తెచ్చి నా మెడకే చుడుతోంది.
మైలపల్లి ఎర్రయ్య వల బాగుచేసుకుంటూ
మూడు రోజులు చూశాడు.
నాలుగో రోజు లేచొచ్చాడు.
"ఏటమ్మా, సేపల్ని పట్తావా, తోలతావా?"

చెప్పాను. న్యూజిలాండ్.
హెలికాప్టర్ నది ఒడ్డున దించేసి పోతుంది.
ఆరు రోజులు ఫోను పలకదు, మనిషి కనిపించడు.
చేయి తడుపుకుని చేపని పట్టుకోవాలి,
ఏటికి ఎదురుగా దాని మూతి తిప్పి
ఊపిరి కుదుటపడ్డాక వదిలేయాలి.
"ఒగ్గేత్తావా?"
"వదిలేస్తాను."
"టిక్కెట్టెంతేటి?"
మాట మార్చాను.
అతని పడవకి కొత్త ఇంజను అంతకన్నా తక్కువకే వస్తుంది.

రీలు చెవి దగ్గర పెట్టుకుని తిప్పి చూశాడు,
పాత గడియారాన్ని చూసినట్టు.
తర్వాత కర్ర అందుకుని విసిరాడు.
నలభై ఏళ్ళు వల విసిరిన భుజం
ఆగాల్సిన చోట ఆగింది.
పసుపు ముక్క తడి ఇసుక మీద చప్పుడు లేకుండా వాలింది.
"ఎనకాల బరువు సేతికి తెలిసేదాకా ఓపిక పట్టాల" అనేసి
వల దగ్గరికి పోయాడు.
ఆ రోజు నా దారం
రెండుసార్లు తిన్నగా పోయింది. రెండేసార్లు.

ఇవాళ పాత పళ్ళ బ్రష్షుతో బూట్లు కడుగుతున్నాను.
ఎవరి మట్టీ వాళ్ళ నదిలోకి పోకూడదు,
విమానాశ్రయంలో అడుగులు తిప్పి చూస్తారట.
న్యాయమే.
కుట్లలోంచి మా నల్ల ఇసుక
మూడో బకెట్టులోకీ దిగింది.
నాలుగో బకెట్టుకి కుళాయి ఆగిపోయింది.

ఇక మిగిలింది గాలాల ముళ్ళు నొక్కేయడం.
పటకారుతో ఒక్కొక్కటీ, నలభై రెండు.
చేప నోరు చిరక్కుండా ఉండాలని.
డేగ ఈకతో కట్టినదొకటి ముల్లుతోనే ఉంచాను, ఎర్రయ్యకి.
నవ్వుతాడు, తెలుసు.
దీంతో కానాగంత కూడా పడదంటాడు.
పొట్లం కడదామని తీయబోతే
నా కొంగుకే గుచ్చుకుంది.
ముల్లున్న గాలం కదా,
ఎటు తిప్పినా రావడం లేదు.